ప్రకటించే అధికారం

మిల్లుపేట కుళాయి నీళ్లలో కలరా ఉందని రాష్ట్ర ప్రయోగశాల డాక్టరమ్మ తన కళ్లతో చూసింది. కానీ ఆ మాట పైకి చెప్పే అధికారం ఆమెకు లేదు. ఆమెకే కాదు, రాష్ట్రంలో ఎవరికీ లేదు. ఫలానా చోట ఫలానా రోగం ఉందని ప్రకటించాల్సింది కేంద్రంలోని రోగ నియంత్రణ మండలి. మండలి ప్రకటిస్తే తప్ప సెలైన్ గోదాము తాళం తియ్యరు, మంచినీళ్ల ట్యాంకర్లు కదలవు, పేటకు నీళ్లిచ్చే ట్యాంకు వాల్వు ఎవరూ ముట్టుకోరు. ఆమె పంపిన నివేదికకు ‘పరిశీలనలో ఉంది’ అన్న ఒక్క ముక్క తప్ప జవాబు రాలేదు. ఈలోగా పేట ఆసుపత్రిలో మంచాలు నిండిపోయి వరండాలో చాపలు పరిచారు. తెల్లవారేసరికి ఆ చాపల మీద ఇద్దరు పిల్లలు పోయారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఎన్నడూ చెయ్యని పని ఆ ఉదయం ఆమె చేసింది. చుట్టరికం పట్టుకొని మంత్రిగారింటికి వెళ్లింది. రాష్ట్ర ఆరోగ్య మంత్రి ఆమెకు స్వయానా పిన్ని.

ముందు గది అప్పటికే కిటకిటలాడుతోంది. బదిలీల కోసం వచ్చినవాళ్లు, సిఫారసుల కోసం వచ్చినవాళ్లు, ఊరికే ఓసారి కనపడి పోదామని వచ్చినవాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. పీఏ ఆమెను చూడగానే లేచి వచ్చాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఎందుకొచ్చారని అడగలేదు. “వెనకవైపు నుంచి రండమ్మా” అన్నాడు మెల్లగా.

వెనక గదిలో పిన్ని వాచిన పాదాలు స్టూలు మీద చాపుకొని కూర్చుంది. జుట్టు ఇంకా ముడి వేసుకోలేదు. టీవీలో మాటలు లేకుండా బొమ్మలు మాత్రం కదులుతున్నాయి.

“ఏమన్నా తిన్నావా చిట్టీ?”

“తిన్నాను.”

“ఆ ముఖం తిన్న ముఖమేనా? కూర్చో.”

“నేను చుట్టపుచూపుగా రాలేదు పిన్నీ.”

“తెలుసులే. చుట్టపుచూపుగా నువ్వొచ్చి ఎన్నేళ్లయిందో కూడా తెలుసు.”

చిట్టి కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ట్యాంకు నీళ్లలో ఏముందో, పిల్లల విరేచనాల్లో ఏముందో, రెండూ ఒకటేనని ఎలా తేలిందో చెప్పింది. ప్రయోగశాల పళ్లెంలో ఆకుపచ్చటి జిగురు మీద కలరా క్రిములు పసుపు చుక్కలుగా పొడుచుకొచ్చినప్పుడు మొదట తన చెయ్యే తప్పు చేసిందనుకుని మళ్లీ మొదటి నుంచి అంతా చేశానని చెప్పింది. 

పిన్ని మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక, “నీ నివేదిక నేను చదివాను. నాకూ ఒక కాపీ వచ్చింది, సమాచారం కోసం అని. నాకు వచ్చేవన్నీ సమాచారం కోసమే” అంది.

“చదివి ఏం చేశావు?”

“మండలికి ఫోన్ చేశాను. చూస్తున్నామన్నారు. మళ్లీ చేశాను. మీరు కంగారు పడి జనాన్ని కంగారు పెట్టకండి మేడమ్ అన్నారు. ముఖ్యమంత్రిగారికి చెప్పాను. ఆయనా ఫోన్ చేశాడు. ఆయన్నీ కంగారు పడొద్దన్నారు.”

“ఎందుకని చూస్తూ కూర్చుంటారు? వాళ్లకేం నష్టం?”

“ఆ ట్యాంకు ఎవరు కట్టారే? కేంద్రం పథకం. మొన్న చలికాలంలోనే కదా వాళ్ల మంత్రి వచ్చి కుళాయి తిప్పి ఫొటో దిగాడు. పక్కన నేనూ ఉన్నాను, పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ. అందులో కలరా ఉందని వాళ్ల నోటితో వాళ్లే చెప్పాలి. కాస్త ఆలస్యమవదూ?”

మాటలో వెటకారం ఉంది. ముఖంలో లేదు. చిట్టికి ఒళ్లు మండింది.

“అసలు ఈ అధికారం వాళ్ల చేతిలో పెట్టిందెవరు పిన్నీ? నువ్వు కాదూ?”

ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. చిట్టి స్కూల్లో చదువుకునే రోజుల్లో రాష్ట్రమంతా పెద్ద జ్వరం వచ్చింది. మిల్లులు మూతపడతాయని, సరుకు కొనేవాళ్లు రారని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం చావుల్ని దాచింది. బస్సు నడిపే బాబాయి జ్వరం తగిలిన మూడో నాటికి పోతే ఆసుపత్రి కాగితంలో గుండెపోటని రాశారు. పిన్ని ఆ కాగితం పట్టుకొని ఊరుకోలేదు. తనలాగే మొగుళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్లను వెంటేసుకుని కేంద్ర రాజధాని దాకా నడిచింది. మా రాష్ట్రం మాతో అబద్ధమాడింది, మా ప్రాణాలు మీరే చూసుకోండి అని అక్కడ రోడ్డు మీద కూర్చుంది. ఆ నడకే ఆమెను నాయకురాలిని చేసింది. ప్రకటించే అధికారం కేంద్రానికిచ్చిన చట్టం ఆ నడకలోంచే పుట్టింది.

“అవును, నేనే” అంది పిన్ని. “అడిగావు కాబట్టి విను. అప్పుడు రెండేళ్లకే అన్నారు. పెద్ద జ్వరం పోయేదాకా ప్రకటన కేంద్రం చేస్తుంది, ఆ తర్వాత ఎవరి పని వాళ్లదే అన్నారు. రాష్ట్రాలన్నీ సరే అన్నాయి. నేను స్వీట్లు పంచాను. రెండేళ్లయ్యాక ఇంకో జ్వరం వస్తుందేమో అని పొడిగించారు. అదీ నిజమే అనిపించింది. తర్వాత మందులన్నీ ఒకచోట కొంటే చవగ్గా వస్తాయన్నారు. అందులో మాత్రం తప్పేముంది? గోదాములు వాళ్లవయ్యాయి. తర్వాత ప్రయోగశాలలన్నీ ఒకే పద్ధతిలో ఉండాలన్నారు. మీ ల్యాబుకి అనుమతి వాళ్లదయ్యింది. నువ్వే అన్నావు అప్పుడు, మంచి మిషన్లు వచ్చాయి పిన్నీ అని.”

నిజమే, చిట్టి అన్న మాటే.

“ఒక్కటి కూడా దౌర్జన్యంగా లాక్కోలేదే వాళ్లు. ప్రతిసారీ ఒక కారణం, ప్రతిసారీ మనకో లాభం. కోర్టుకెళ్లిన రాష్ట్రం ఒకటుంది. జడ్జీలు, మీరే ఒప్పుకున్నారు కదా అన్నారు. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు చిట్టీ. ఆరోగ్యం ఇవ్వాళ్టికీ రాష్ట్రాల చేతిలోనే ఉందని అందులో రాసే ఉంది. నేను ఆరోగ్య మంత్రిని. బయట బోర్డు చూశావుగా.”

“కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.”

“ఊడిందని ఇప్పుడంటున్నావు. ఆ రోజు కొండ నాలుక కోసమే చస్తున్నాం.”

పీఏ తలుపు దగ్గరికి వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

చిట్టి చివరికి స్టూలు పక్కన నేల మీద కూర్చుంది. బతిమాలడానికి వచ్చినదాన్ని పోట్లాటకు దిగానేమిటి అనుకుంది. ఇక్కడికి వచ్చేముందు ల్యాబు కేసులు చూసే లాయరుతో మాట్లాడింది. ఒక దారి దొరికిందనే వచ్చింది.

“పిన్నీ, రోగం పేరెత్తొద్దు. కలరా అని అనొద్దు. పాత పురపాలక చట్టంలో ఒక సెక్షన్ ఉందట. నీళ్లు చెడ్డాయని అనుమానం వస్తే చాలు, మంత్రి నోటిమాటతో ట్యాంకు మూయించొచ్చట. ఎవరి అనుమతీ అక్కర్లేదట. అది రాష్ట్రం చట్టం. వాళ్లకేం సంబంధం లేదు.”

పిన్ని ఆమె తల మీద చెయ్యి వేసింది. చిన్నప్పుడు జడ వేసేముందు వేసినట్టే వేసింది.

“ఆ సెక్షన్ లేదు.”

“ఉంది. లాయరు చూపించాడు.”

“వాడి పుస్తకం పాతది. పోయిన సమావేశాల్లో తీసేశాం.”

“ఎవరు తీశారు?”

“మేమే. కేంద్రం చట్టంతో పేచీ వచ్చే పాత సెక్షన్లన్నీ ఒక మూట కట్టి పంపారు. తీసేసిన రాష్ట్రానికి కొత్త ఆసుపత్రి భవనం ఇస్తామన్నారు. ఆఖరి రోజు, భోజనాల వేళ. చర్చ లేదు. అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండి అన్నాడు స్పీకరు. ఎత్తాం.”

“నువ్వు?”

“నేనూ ఎత్తాను. ఆ మూటలో ఏముందో చదవలేదు. చదివినా ఎత్తేదాన్నేమో. ఆ భవనం మన జిల్లాకే వస్తోంది.”

వంటగదిలో ఎవరో గిన్నె కింద పడేశారు. పిన్ని అటు తిరిగి, మళ్లీ ఇటు తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లేమీ లేవు. చిట్టికి అందుకే ఎక్కువ భయమేసింది.

“అయితే ఏం చెయ్యలేం అంటావు.”

“చెయ్యలేం అని ఇంకా అనలేదు” అంది పిన్ని. పాదాలు కిందికి దించి ఫోన్ అందుకుంది. నీళ్ల ఇంజనీరు నంబరు నొక్కి, చిట్టికి కూడా వినపడేలా పెట్టింది.

“నేనయ్యా, ఆరోగ్య మంత్రిని. మిల్లుపేట ట్యాంకు మూసెయ్. ఇప్పుడే.”

అవతల ఇంజనీరు గొంతు చాలా మర్యాదగా వినిపించింది.

“అమ్మా, మీరు చెప్తే కాదనేవాణ్ని కాదు. కానీ వాల్వు మా చేతిలో లేదు. నీళ్లు చెడ్డాయన్న ప్రకటన నంబరు కంప్యూటర్లో కొడితేనే మూసుకుంటుంది. నంబరు మండలి ఇవ్వాలి.”

“చేత్తో తిప్పే చక్రం ఉంటుంది కదయ్యా.”

“ఉంది. దానికి సీలు వేశారు. పగలగొడితే నా ఉద్యోగం పోతుంది. జైలు కూడానమ్మా.”

“పిల్లలు చస్తున్నారయ్యా.”

“తెలుసమ్మా.” ఇంజనీరు గొంతు తగ్గింది. “మేమిక్కడ ఆఫీసు పక్కనే కదా ఉండేది, అవే కుళాయిలు. మా పిల్లలకి వారం నుంచీ బయట నుంచి నీళ్లు కొని తాగిస్తున్నాను.”

పిన్ని ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. అవతల ఇంజనీరు “అమ్మా, అమ్మా” అని రెండుసార్లు పిలిచి పెట్టేశాడు.

“పద” అంది పిన్ని, జుట్టు ముడి వేసుకుంటూ. “నోరొక్కటే మిగిలింది. అదే వాడదాం. కుళాయి దగ్గరికెళ్లి నేనే చెప్తాను, తాగొద్దని. వాళ్లేం చేస్తారో చెయ్యనీ.”

కారులో ముందు సీట్లో కూర్చున్న పీఏ ఒకసారి వెనక్కి తిరిగి, “అమ్మగారూ, పక్క రాష్ట్రం మంత్రి ఇలాగే చెప్పాడు. మర్నాటికల్లా ఆయన శాఖ మొత్తం కేంద్రం చేతిలోకి పోయింది” అన్నాడు.

“మన శాఖలో పోవడానికేం మిగిలిందయ్యా” అంది పిన్ని.

మిల్లుపేటలో ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టుంటాయి. సందు మొదట్లో వీధి కుళాయి. నీళ్లొచ్చే వేళ కావడంతో ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి, ఎండ తప్పించుకోవడానికి గోడవార నిలబడ్డారు. కారును చూసి ఎవరూ దగ్గరికి రాలేదు. ఎన్నికలు లేనప్పుడు వచ్చిన కారును ఏం చెయ్యాలో వాళ్లకు తెలియలేదు.

పిన్ని దిగి కుళాయి దాకా నడిచింది. మైకు లేకుండా మాట్లాడింది. తాను ఎవరో చెప్పింది. ఈ నీళ్లు తాగొద్దని, పిల్లలకు అస్సలు పట్టొద్దని, వంటకూ వాడొద్దని చెప్పింది. ఎందుకో కూడా చెప్పింది. ఆ రోగం పేరు చట్టం ప్రకారం ఆమె నోట రాకూడదు. వచ్చింది. 

వరసలో ముందున్న ఒకావిడ, మోచేతి మీద చిన్నబిడ్డ నిద్రపోతుంటే, నిండిన బిందెను కాలితో వంచి నీళ్లు మురుగులోకి పారబోసింది. ఆమె వెనకున్న మనిషి కదలలేదు. వయసు మళ్లిన మనిషి, మిల్లులో నూలు తీసి తీసి వేళ్లు వంకర్లు తిరిగాయి.

“ఇవి తాగొద్దంటే ఏవి తాగాలమ్మా?” అంది ఆమె.

“ట్యాంకర్లు వస్తాయి.”

“ఎప్పుడు?”

పిన్ని చిట్టివైపు చూసింది. ప్రకటన లేనిదే ట్యాంకరు కదలదని ఇద్దరికీ తెలుసు.

“తొందర్లో” అంది పిన్ని.

“కాచి తాగండి” అంది చిట్టి ముందుకొచ్చి. “ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి, మూత పెట్టుకుని తాగండి.”

“గ్యాసు ఉంటే వంటకే సరిపోవట్లేదు, నీళ్లు కాచమంటున్నావా” అందా మనిషి. కోపం లేదు మాటలో. జరిగేదేదో చెప్పినట్టే అంది.

అప్పుడే సందు మలుపులో మైకు కట్టిన బండి వినిపించింది. ముందు ఈల, తర్వాత మెత్తటి ఆడగొంతు. పక్క ఊళ్లో రికార్డు చేసి తెచ్చినట్టుంది, ప్రతి మాటా విడివిడిగా పలుకుతోంది. ప్రజలకు గమనిక. మిల్లుపేటలోని అతిసారానికి కారణం మిల్లు క్యాంటీనులో వడ్డించిన పాడైపోయిన భోజనం అని రోగ నియంత్రణ మండలి ప్రకటించడమైనది. క్యాంటీను మూసివేయడమైనది. కుళాయి నీరు సురక్షితం. రాష్ట్ర ప్రయోగశాల డాక్టరు పరీక్షించి ధ్రువీకరించారు. వదంతులు నమ్మవద్దు.

చిట్టికి మొదట అర్థం కాలేదు. రెండోసారి వినిపించినప్పుడు అర్థమైంది. రాష్ట్ర ప్రయోగశాలలో డాక్టరు అంటే తనే. మరొకరు లేరు.

ఆడవాళ్ల చూపులు బండి మీంచి పిన్ని మీదికి, పిన్ని మీంచి చిట్టి మెడలోని ల్యాబు కార్డు మీదికి వచ్చాయి. బిందె పారబోసిన ఆవిడ బిడ్డను భుజం మీదికి మార్చుకుంది.

“ఆ డాక్టరువి నువ్వేగా” అంది వంకర వేళ్ల మనిషి. “చెప్పు. నీళ్లు మంచివా, కావా?”

“కావు. నేను అలా రాయలేదు.”

“మరి మైకులో చెప్పేది ఎవరు?”

“ప్రభుత్వం.”

“నువ్వెవరు?”

“నేనూ ప్రభుత్వమేనమ్మా.”

ఆ మనిషి పిన్నివైపు వేలు చూపించింది. “ఈవిడో?”

చిట్టి తలూపింది.

“అయితే ముందు మీరంతా కూర్చుని ఒక మాట మీదికి రండి తల్లీ. అందాకా పిల్లల దాహం ఆగదు” అని, ఆ మనిషి వంగి తన బిందెను కుళాయి కిందికి జరిపింది. పారబోసిన ఆవిడ కాసేపు చూసి, తనూ ఖాళీ బిందె తీసుకుని వరస చివరికి వెళ్లి నిలబడింది. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. కుళాయి ధార బిందె అడుగున మోగి, నిండుతున్నకొద్దీ శబ్దం మారుతూ పోయింది.

మైకు బండి ఆగింది. వెనకే వచ్చిన తెల్ల కారులోంచి మండలి అధికారి దిగాడు. నలిగిన చొక్కా, నిద్ర లేని కళ్లు. పిన్నికి నమస్కారం పెట్టి, నేరుగా చిట్టి దగ్గరికి వచ్చాడు.

“డాక్టర్ గారూ, మీకోసం ల్యాబుకెళ్లాం. లేరన్నారు. ఒక్క సంతకం మిగిలింది.”

అట్ట మీద బిగించిన కాగితం ఆమె ముందు పెట్టాడు. క్యాంటీను భోజనం, అతిసారం, నీరు సురక్షితం. కింద ఆమె హోదా అచ్చు వేసి ఉంది. దాని పైన ఖాళీ.

“సంతకం లేకుండానే మైకులో చెప్పేశారా?”

“సాయంత్రం దాకా ఆగితే ఇంకెన్ని చాపలు పరుస్తారో మీకే తెలుసు.” అతను గొంతు తగ్గించాడు. “నేనూ డాక్టర్నేనమ్మా. మీ పళ్లేల్లో ఏమున్నాయో చూశాను. మా పెద్దలు కలరా అని రాయరు. ఈ ఏడాది రాయరు, వచ్చే ఏడాదీ రాయరు. ఇది రాయడానికి ఒప్పుకున్నారు. ఏదో ఒక ప్రకటన అంటూ ఉంటే గోదాము తెరుచుకుంటుంది. సెలైన్ లారీ ఊరి బయట ఆగి ఉంది, ఇద్దరు డాక్టర్లు అందులోనే ఉన్నారు. ఏం ప్రకటించామన్నది గోదాముకి అక్కర్లేదు, నంబరు ఉంటే చాలు. చట్టం ప్రకారం రాష్ట్ర ల్యాబు సంతకం ఉండాలి, మీరు పెట్టకపోతే ఈ ప్రకటన చెల్లదు. లారీ వెనక్కి పోతుంది.”

“పెడితే ట్యాంకు?”

“నడుస్తుంది.”

“అంటే ఇవ్వాళ చాపల మీదున్నవాళ్లు బతుకుతారు, రేపు కొత్తవాళ్లు వచ్చి పడుకుంటారు.”

“ఇవ్వాళ్టి సంగతే నా చేతిలో ఉంది డాక్టర్ గారూ” అన్నాడతను. దగ్గు వచ్చి, పక్కకు తిరిగి దగ్గాడు. “రేపటిది ఎవరి చేతిలో ఉందో నాకూ తెలీదు.”

ఒకసారి ఆ సంతకం పడితే, నీళ్లు బాగున్నాయని చెప్పింది కేంద్రం కాదు, రాష్ట్రమే అవుతుంది. రేపు ఏ కోర్టుకు వెళ్లినా, మీరే ఒప్పుకున్నారు కదా అంటారు. చిట్టికి అది స్పష్టంగా కనిపిస్తోంది. ఆసుపత్రి వరండాలో సెలైన్ ఖాళీ సీసాలు కడిగి ఆరబెట్టిన నర్సు ముఖమూ అంతే స్పష్టంగా కనిపిస్తోంది.

ఆమె పిన్నివైపు తిరిగింది. కాదంటుందని, ఆ కాగితం లాక్కుని రెండు ముక్కలు చేస్తుందని ఎదురుచూసింది.

పిన్ని కుళాయి కేసే చూస్తోంది. వరసలో ఆఖరి బిందె కదిలి ముందుకొచ్చింది. అధికారి జేబులోంచి కలం తీసి, మూత విప్పి పట్టుకున్నాడు.

“పెట్టెయ్ చిట్టీ” అంది పిన్ని.